దగ్గును గుర్తించి మందు వాడవలెను

శ్వాసకోశ వ్యాధులు: లక్షణములు, కారణములు, చికిత్స



సంక్రాంతి పండుగ వెళ్ళగానే కె.కోటపాడు, చోడవరం, దేవరాపల్లి ప్రాంతములలో గానుగల పని ముమ్మరమగును. పెనము క్రింద చెరకు పిప్పి మండుచుండును. వరి నూర్పిళ్ళ దుమ్ము ఇంకను వదలి యుండదు. తెల్లవారుజామున మంచు దిగును. ఈ రోజులలో ఇంటింటా దగ్గు వినిపించును. "పొగ దగ్గు, నాలుగు రోజులలో అదే పోవును" అనుకొనుట మనకు అలవాటు. చాలసార్లు అది నిజమే. నిజము కానప్పుడు మాత్రము ప్రాణము మీదికి వచ్చును.

నేను వైద్యుడను కాను. సేద్యశాస్త్రము బోధించువాడను. పైరు ఆకు పసుపుబారినప్పుడు నత్రజని లోపమా, తెగులా, వేరుకు నీరెక్కువైనదా అని విచారింపక మందు చల్లరాదని ప్రతి ఏటా రైతులకు చెప్పుచుందును. ఈ సూత్రమే మనిషి దగ్గుకును వర్తించును. మొదట గుర్తింపు, తరువాత మందు. వైద్యులు, ఆరోగ్య శాఖవారు రైతులకు చెప్పుచున్న విషయములనే రైతు భాషలో ఇక్కడ పొందుపరచుచున్నాను.

మా ఇంట జరిగినది

మా మేనమామగారు చెరకు రైతు. ఒక ఏడు గానుగ కాలములో ఆయనకు దగ్గు పట్టినది. పొయ్యి దగ్గర కూర్చొను మనిషికి దగ్గు రాకుండునా అని ఆయన అనెను. అప్పటికి వ్యవసాయ కళాశాలలో చదువుచున్న నేనును "అవును, పొగే" అంటిని. గానుగ ముగిసినది, దగ్గు ముగియలేదు. సాయంకాలము ఒళ్ళు వెచ్చబడుట, అన్నము సహింపకపోవుట, పంచె నడుమున నిలువక జారుట మేమందరము చూచితిమి. చూచియు కలిపి ఆలోచింపలేదు. రెండు నెలల తరువాత తెమడ పరీక్ష చేయించగా క్షయ అని తేలినది. మందులు పూర్తిగా వాడి ఆయన బ్రతికెను గాని, నాటి బలము మరల రాలేదు. ఆ రెండు నెలలు ఆయన ఒడిలో ఆడుకొనిన చిన్న మనుమరాలికిని ఆ వ్యాధి సోకినది. పొగ మీద నెపము వేసి మేము పోగొట్టుకొన్న ఆ రెండు నెలలు మీరు పోగొట్టుకొనకూడదనియే ఈ వ్యాసము.

గాలి నడచు దారి

మనము పీల్చిన గాలి ముక్కు, గొంతు దాటి పెద్ద గొట్టములో దిగును. అక్కడినుండి చెట్టు కొమ్మల వలె చీలి చీలి సన్నని గొట్టములగుండా ఊపిరితిత్తుల చివరనున్న గాలి గదులకు చేరును. ఈ గదులు కోట్ల సంఖ్యలో ఉండును. గాలిలోని ప్రాణవాయువు నెత్తురులో కలియునది అక్కడనే. దీనిని సాగునీటి కాలువతో పోల్చవచ్చును. ముక్కు, గొంతు తలకాలువ. చిన్న గొట్టములు పిల్లకాలువలు. గాలి గదులు మడులు.

తలకాలువలో చెత్త పడినచో నీరు కొంచెము మందగించును. అది రొంప, పడిశము, గొంతు నొప్పి. బాధ కలుగును గాని ప్రాణభయము లేదు. మడులే చీము, నీరుతో నిండిపోయినచో ప్రాణవాయువు లోనికి పోవు దారి ఉండదు. అది న్యుమోనియా. కాబట్టి దగ్గు వచ్చినప్పుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఒకటే: వ్యాధి పైన ఆగినదా, క్రిందికి దిగినదా?

టుంగ్రోకు, ఎండాకు తెగులుకు మందు ఒకటి కాదు

వరిలో టుంగ్రో తెగులు మీకు తెలియును. అది వైరస్ వలన వచ్చును. పచ్చదీపపు పురుగు దానిని దుబ్బునుండి దుబ్బుకు మోయును. తెగులు సోకిన దుబ్బును బాగుచేయు మందు లేదు. బాక్టీరియా ఎండాకు తెగులు వేరు. చూపునకు రెండిటను ఆకు రంగు మారును గాని కారణము ఒకటి కాదు.

మనిషికి వచ్చు రొంపలలో బహుళము వైరస్ వలన వచ్చునవే. ఆంటీబయాటిక్ మందులు బాక్టీరియాను చంపును గాని వైరస్‌ను ఏమియు చేయలేవు. కాబట్టి సాధారణ రొంపకు ఆంటీబయాటిక్ బిళ్ళ మింగుట టుంగ్రోకు ఎండాకు తెగులు మందు చల్లినట్లే యగును. డబ్బు పోవును, తెగులు పోదు.

నష్టము అంతటితో ఆగదు. అక్కరలేని పురుగుమందు చల్లిన వరిలో సాలీళ్ళు చచ్చి, సుడిదోమ మరింత పెరుగుట మీరు చూచియే యుందురు. అట్లే అక్కరలేని ఆంటీబయాటిక్ మన ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులను చంపి విరేచనములు కలిగించును. సగము మోతాదు వాడిన చోట మందుకు లొంగని బాక్టీరియా మిగిలి వృద్ధి చెందును. రేపు నిజముగా అవసరము వచ్చిన నాడు ఆ మందు పనిచేయకపోవచ్చును.

సాధారణ రొంప: ఇంటి చికిత్స

లక్షణములు: ముక్కు కారుట, తుమ్ములు, గొంతు గరగర, కొద్ది జ్వరము, దగ్గు. రోగి మాటలాడుచు, తిరుగుచు, ఎంతో కొంత తినుచునే ఉండును. సాధారణముగా వారము, పది దినములలో తగ్గును. దగ్గు మరికొన్ని దినములు నిలువవచ్చును. చీమిడి పసుపు పచ్చగా మారినంత మాత్రమున ఆంటీబయాటిక్ అవసరమైనదని తలచరాదు.

చేయవలసినవి: విశ్రాంతి ఇవ్వవలెను. గోరువెచ్చని నీరు, గంజి, చారు, పలుచని మజ్జిగ తరచుగా త్రాగించవలెను. పాలు త్రాగు బిడ్డకు తల్లిపాలు మానరాదు, ఇంకను ఎక్కువసార్లు ఇవ్వవలెను. ముక్కు బిగిసిన పసిబిడ్డకు పాలిచ్చుటకు ముందు మందుల షాపులో దొరకు ఉప్పునీటి చుక్కలు వేసి ముక్కు శుభ్రము చేయవలెను. పెద్దలు ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటితో పుక్కిలింపవచ్చును. ఏడాది నిండిన పిల్లలకు దగ్గుకు తేనె కొంచెము నాకించవచ్చును. ఏడాదిలోపు బిడ్డకు తేనె ఇవ్వనే కూడదు. జ్వరమునకు పారాసిటమాల్ చాలును. పిల్లలకు దాని మోతాదు బరువును బట్టి ఉండును గనుక ఆరోగ్య కార్యకర్తను అడిగి వాడవలెను.

చేయకూడనివి: పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. 5 సంవత్సరములలోపు పిల్లలకు వైద్యుడు చెప్పనిదే దగ్గు మందు సీసా తెచ్చి పోయరాదు. మరుగు నీటి గిన్నె ముందు పిల్లలను కూర్చుండబెట్టి ఆవిరి పట్టరాదు. గిన్నె ఒరిగి కాలుటయే ఎక్కువ. పసిబిడ్డ ముక్కులో నూనె పోయరాదు. అది ఊపిరితిత్తులలో దిగి క్రొత్త జబ్బు తెచ్చును. "జ్వరము తొందరగా దిగునట్లు" సూది వేయుమని ఎవరిని బలవంతపెట్టరాదు.

న్యుమోనియా: ఊపిరి లెక్కించుట నేర్చుకొనుడు

పిల్లలలో న్యుమోనియాను గుర్తించుటకు యంత్రము అక్కరలేదు. గడియారము, తల్లి కన్ను చాలును. ఊపిరితిత్తులు చీముతో నిండినప్పుడు బిడ్డ తక్కువ గాలితో సరిపుచ్చుకొనలేక వేగముగా ఊపిరి తీయును. ఆ వేగమే మొదటి గుర్తు.

లెక్కించు విధము: బిడ్డ ఏడ్వకుండ, పాలు త్రాగకుండ, నెమ్మదిగా నున్నప్పుడు చొక్కా పైకెత్తి రొమ్ము, పొట్ట చూడవలెను. ఒకసారి లేచి దిగినచో ఒక ఊపిరి. గడియారము చూచి పూర్తిగా ఒక నిమిషము లెక్కింపవలెను. పావు నిమిషము చూచి నాలుగుతో హెచ్చవేయుట పనికిరాదు. పిల్లల ఊపిరి ఒకచోట వేగముగా, ఒకచోట నిదానముగా నడచును. లెక్క ఎక్కువగా వచ్చినచో మరియొక నిమిషము లెక్కించి సరిచూచుకొనవలెను.

ఈ క్రింది అంకెలు గోడమీద వ్రాసి పెట్టుకొనదగినవి:

2 నెలలలోపు బిడ్డ: నిమిషమునకు 60, అంతకు మించినచో వేగము.
2 నెలలు నిండి ఏడాదిలోపు: 50, అంతకు మించినచో వేగము.
ఏడాది నిండి 5 ఏండ్లలోపు: 40, అంతకు మించినచో వేగము.

దగ్గుతో పాటు ఊపిరి ఈ వేగముతో నున్నచో ఆ దినమే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. 2 నెలలలోపు బిడ్డ అయినచో గంట కూడ ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. పెద్ద పిల్లలలో వ్యాధి తీవ్రముగా లేనప్పుడు వైద్యులు సాధారణముగా అమాక్సిసిలిన్ అను మందు నోటి ద్వారా ఇత్తురు. ఇక్కడ ఆంటీబయాటిక్ తప్పనిసరి. చెప్పినన్ని దినములు, చెప్పిన మోతాదులో ఇవ్వవలెను. రెండవ దినమున బిడ్డ నవ్వినదని సీసా పక్కన పెట్టరాదు. రెండు దినములు వాడినను తగ్గకున్నచో మరల చూపవలెను.

ఈ క్రింది గుర్తులలో ఏ ఒక్కటి కనిపించినను రాత్రి యైనను 108కి ఫోను చేసి పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను: ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల క్రింద గుంట పడుట, అనగా మనము "డొక్కలు ఎగరవేయుట" అనునది, పాలు, నీరు త్రాగలేకపోవుట, త్రాగినదంతయు కక్కుట, మూర్ఛ, లేపినను లేవని మత్తు, నెమ్మదిగా నున్నప్పుడు కూడ గొంతులో గుర్రుమను చప్పుడు, పెదవులు, నాలుక నీలముగా మారుట. ఇట్టి బిడ్డకు ప్రాణవాయువు, సూదిమందులు కావలెను. అవి ఇంటిలో దొరకవు.

ఊపిరి లెక్క సామాన్యులు చేయగలరా అను సందేహము అక్కరలేదు. మన పొరుగున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు పల్లె ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు ఈ పని నేర్పిరి. పెద్ద అంకెలు లెక్కింపలేనివారి కొరకు పూసలు, ఇసుక గడియారముతో ఒక చిన్న సాధనము తయారుచేసిరి. వారు చికిత్స చేసిన పల్లెలలో న్యుమోనియాతో పిల్లలు చనిపోవుట ఇంచుమించు సగమునకు తగ్గినదని 1990లో లాన్సెట్ అను వైద్య పత్రికలో ప్రకటించిరి. చదువు వచ్చిన మీకు ఇది కష్టము కాదు.

పెద్దలలో గుర్తులు

చలితో వణికించు జ్వరము, ఊపిరి పీల్చినప్పుడు పక్కలో పొడిచినట్లు నొప్పి, తుప్పు రంగు లేక నెత్తురు జీరల తెమడ, నిమిషమునకు 30కి తగ్గని ఊపిరి ఇవి పెద్దవారి న్యుమోనియాకు గుర్తులు. ముసలివారిలో జ్వరము లేకయే రావచ్చును. ఉన్నట్టుండి తికమక మాటలు, లేవలేని నీరసము, అన్నము మానుట మాత్రమే కనిపించును. "వయసు మీద పడినది" అని ఊరకుండరాదు. మధుమేహము, ఉబ్బసము, గుండె జబ్బు గలవారు, గర్భిణులు మరింత జాగ్రత్తగా ఉండవలెను.

2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వ్యాపించినప్పుడు వేలికి తగిలించు పల్స్ ఆక్సీమీటరు పల్లెలకును చేరినది. అది మీ ఇంట ఉన్నచో పారవేయకుడు. ఆయాసము గల మనిషికి ఆ అంకె 94 కంటె తగ్గినచో ఆసుపత్రికి పోవలెను. అంకె బాగున్నను ఆయాసము పెరుగుచున్నచో మనిషినే నమ్మవలెను గాని యంత్రమును కాదు.

రెండు వారముల దగ్గు: తెమడ పరీక్ష

దగ్గు రెండు వారములు దాటినచో కారణము పొగ కానిండు, చుట్ట కానిండు, తెమడ పరీక్ష చేయించవలెను. సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, తెమడలో నెత్తురు ఉన్నచో రెండు వారములు కూడ ఆగనక్కరలేదు. ఉదయము లేవగానే లోతుగా దగ్గి తీసిన తెమడ ఇవ్వవలెను. ఉమ్మి ఇచ్చిన పరీక్షకు ఫలము లేదు. ఈ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. సాధారణ క్షయకు 6 నెలల చికిత్స. క్షయ రోగి ఆహారము కొరకు ప్రభుత్వము 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచుండెను. 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేసిరి. ఇంటిలోని వారందరు, ముఖ్యముగా పిల్లలు, పరీక్ష చేయించుకొనవలెను. వ్యాధి లేనివారికి కూడ అవసరమును బట్టి నివారణ మందు ఇత్తురు.

క్షయ వచ్చినదని రోగిని వెలివేయనక్కరలేదు. మద్రాసులో 1956లో ప్రారంభించిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు కొందరు రోగులకు శానిటోరియములో, కొందరికి ఇంటివద్ద మందులిచ్చి పోల్చి చూచిరి. ఇంటి చికిత్స దానికి ఏమాత్రము తీసిపోదని 1959లో తెలియజేసిరి. మందులు మొదలు పెట్టకముందు గడచిన కాలములోనే ఇంటివారికి ఎక్కువ ప్రమాదమని కూడ తెలిసినది. మా ఇంట జరిగినదియు అదియే.

పొలపు మట్టి ఇచ్చిన మందు

క్షయను లొంగదీసిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్. 1943లో అమెరికాలోని న్యూజెర్సీలో ఆల్బర్ట్ షాట్జ్, సెల్మన్ వాక్స్‌మన్ దానిని కనుగొనిరి. వాక్స్‌మన్ వైద్యుడు కాడు, మట్టిలోని సూక్ష్మజీవుల శాస్త్రజ్ఞుడు. ఆ మందునిచ్చిన సూక్ష్మజీవి వారికి దొరికిన చోట్లలో ఒకటి బాగుగా పశువుల ఎరువు తోలిన పొలపు మట్టి. వాక్స్‌మన్‌కు 1952లో నోబెల్ బహుమతి వచ్చినది.

టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కథయు ఇట్టిదే. మిస్సోరీ విశ్వవిద్యాలయములో 1888 నుండి పైరుల ప్రయోగములు జరుగుచున్న సాన్‌బర్న్ క్షేత్రపు మట్టినుండి దాని సూక్ష్మజీవిని బెంజమిన్ డగ్గర్ వేరుచేసెను. డగ్గర్ మొక్కల తెగుళ్ళ శాస్త్రజ్ఞుడు. ఆ పని జరిగిన లెడర్లే ప్రయోగశాలలకు పరిశోధనాధిపతి మన భీమవరములో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1948లో ఆ మందు లోకమునకు వెల్లడియైనది. ఆ ఏడే ఆయన కన్నుమూసిరి.

ఇన్ని మహత్తర ఔషధములను మట్టి మనకిచ్చినది. అయితే స్ట్రెప్టోమైసిన్ ఒక్కదానినే వాడిన తొలి రోగులలో కొంతకాలమునకు లొంగని క్షయ బాక్టీరియా పుట్టినది. అందుచేతనే నేడు పలు మందులు కలిపి, పూర్తికాలము వాడింతురు. మానక మింగిన మందు రోగిని కాపాడును. మధ్యలో మానిన మందు రోగమును గట్టిపరచును.

పొగ, దుమ్ము, బూజు

పొగ మీద నెపము వేయరాదంటిని గాని పొగ మంచిదనలేదు. వంటింటి పొగ పీల్చు చిన్నపిల్లలకు న్యుమోనియా ప్రమాదము దాదాపు రెట్టింపగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పొగ గాలి గొట్టముల లోపలి సన్నని నూగును దెబ్బతీయును. తెమడను పైకి తోయు ఆ నూగు పనిచేయనప్పుడు క్రిములకు దారి దొరకును.

గానుగ పొయ్యికి ఎత్తైన పొగగొట్టము కట్టవలెను. పిప్పిని బాగుగా ఎండబెట్టి వేయవలెను. తడి పిప్పి పొగనే ఇచ్చును. పొయ్యి వేయువాడు గాలికి ఎదురుగా కూర్చొనరాదు, పనిని వంతులుగా పంచుకొనవలెను. పసిబిడ్డను పొయ్యి చెంత ఉయ్యాలలో వేయరాదు. చుట్ట నిలువుగా కాల్చినను, మన ప్రాంతపు ముసలమ్మల వలె అడ్డపొగ పీల్చినను ఊపిరితిత్తులకు హాని ఒక్కటే. ఇంటిలో చుట్ట కాల్చువాని పొగ బిడ్డలును పీల్తురు.

తడిసి బూజు పట్టిన గడ్డిని కదిపిన కొద్ది గంటలకు చలి, జ్వరము, దగ్గు, ఆయాసము వచ్చి, పని మానిన తరువాత తగ్గి, మరల గడ్డి ముట్టినప్పుడు తిరగబెట్టినచో అది క్రిముల జ్వరము కాకపోవచ్చును. బూజు పడకపోవుట వలన వచ్చు ఊపిరితిత్తుల వాపు అది. దానికి ఆంటీబయాటిక్ పనిచేయదు. ఏ పని చేసిన తరువాత వచ్చినదో వైద్యునితో చెప్పవలెను. గడ్డిని బాగుగా ఆరిన పిమ్మటనే వామి వేయవలెను. నూర్పిడి, గడ్డి పనులలో ముక్కు, నోరు మూయు మాస్కు కట్టుకొనవలెను.

టీకాలు మరువరాదు

విత్తనశుద్ధి చేసిన విత్తునకు తొలి తెగుళ్ళు తక్కువ. బిడ్డకు టీకాలు అట్టివే. 6, 10, 14 వారములలో ఇచ్చు పెంటావలెంట్ టీకా కంఠసర్పి, కోరింత దగ్గులతో పాటు ఒక రకపు న్యుమోనియాను కూడ అడ్డగించును. న్యుమోకోకస్ టీకాను 2017లో మన దేశములో దశలవారీగా ఆరంభించి 2021లో దేశమంతటికి విస్తరింపజేసిరి. దానిని 6 వారములకు, 14 వారములకు, 9 నెలలకు వేయుదురు. 9 నెలలు నిండగానే తట్టు టీకా వేయించవలెను. తట్టు వెనుకనే న్యుమోనియా వచ్చుట కలదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చుట వీటన్నిటికి పునాది.

ముఖ్యాంశములు

1. రొంపకు విశ్రాంతి, వెచ్చని పానీయములు. ఆంటీబయాటిక్ అక్కరలేదు.
2. దగ్గు గల పిల్లవాని ఊపిరి పూర్తి నిమిషము లెక్కింపవలెను. 60, 50, 40 అంకెలు మరువరాదు.
3. డొక్కలు ఎగురవేసినచో, పాలు త్రాగనిచో వెంటనే 108.
4. రెండు వారముల దగ్గుకు తెమడ పరీక్ష.
5. వైద్యుడు వ్రాసిన మందు చివరి మోతాదు వరకు.
6. పిల్లలను పొగకు దూరముగా ఉంచవలెను. టీకాలు వేళకు వేయించవలెను.

ఈ ఏడు గానుగ వేయు ముందు పెనము, పొయ్యి, ఇంజను సరిచూచుకొందురు గదా! అదే రోజున పొయ్యి చుట్టు కూర్చొను మనుషుల దగ్గును కూడ ఒకసారి వినుడు. ఎన్నాళ్ళనుండి అని అడుగుడు. ఆ ఒక్క ప్రశ్న మేము వేళకు అడిగియుండలేదు.